ఏరు మింగిన ట్యాంకు

పిల్లలూ! "ట్యాంకు" అనగానే మీకు ఏమి గుర్తుకొస్తుంది? నాగర్‌కర్నూల్ జిల్లా ఉప్పునుంతలలో బడికి పోయే పిల్లవాణ్ణి అడిగితే, స్తంభాల మీద ఎత్తుగా కట్టిన మంచినీళ్ల ట్యాంకును చూపిస్తాడు. వాళ్ల అన్న అయితే మోటారు సైకిలు పెట్రోలు ట్యాంకు మీద తట్టి చూపిస్తాడు. హైదరాబాదు చూసివచ్చినవాళ్లు హుస్సేన్‌సాగర్ కట్టను, అనగా ట్యాంక్‌బండ్‌ను తలుచుకుంటారు. అక్కడ ట్యాంకు అంటే చెరువు. వీటన్నిటిలోనూ నీళ్లో, నూనెలో ఉంటాయి. మరి ఫిరంగి పెట్టుకుని, ఇనుప కవచం తొడుక్కుని, యుద్ధభూమిలో పాకే బండికి కూడా ఆ పేరే ఎందుకు వచ్చింది?

అది ఒక అబద్ధం వల్ల పుట్టిన పేరు. మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతుండగా, 1915లో, ఇంగ్లండులోని లింకన్ పట్టణంలో వ్యవసాయ యంత్రాలు చేసే ఒక కర్మాగారం ఈ కొత్తరకం బండిని తయారుచెయ్యటం మొదలుపెట్టింది. ఈ సంగతి శత్రువులకు తెలిస్తే పడ్డ శ్రమంతా వృథా అవుతుంది. అందుచేత చూసినవాళ్లకూ, చివరకు కర్మాగారంలో పనిచేసేవాళ్లకు కూడా, "ఇవి దూరదేశంలో సైన్యానికి నీళ్లు మోసే తొట్లు" అని చెప్పారు. నీళ్లతొట్టిని ఇంగ్లీషులో ట్యాంకు అంటారు గదా! 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సు దేశంలో సోమ్ నది దగ్గరి యుద్ధంలో ఆ "నీళ్లతొట్లు" తొలిసారిగా కదిలివచ్చాయి. గుట్టు బయటపడింది గాని పేరు మాత్రం అలాగే నిలిచిపోయింది.

అంత బరువైన బండి బురదలో దిగబడకుండా ఎలా నడుస్తుంది? మన పొలాల్లో దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరుకు వెడల్పాటి ఇనుప కేజ్ వీల్స్ తగిలించటం మీరు చూసే ఉంటారు. బరువు ఎక్కువ చోటు మీద పరుచుకుంటే నేల తక్కువగా కుంగుతుంది. ట్యాంకుకు చక్రాల చుట్టూ ఇనుప పలకల గొలుసు ఉంటుంది. ఆ గొలుసును ట్యాంకు తన ముందు తానే తివాసీలా పరుచుకుంటూ, వెనకనుంచి చుట్టుకుంటూ పోతుంది. 45 టన్నుల ట్యాంకు కూడా ఒక్కొక్క చదరపు సెంటీమీటరు నేల మీద సుమారు 900 గ్రాముల బరువు మాత్రమే మోపుతుంది. పొలంలో నడిచే ఎద్దు గిట్ట కింద అంతకన్న ఎక్కువ బరువే పడుతుంది.

మన ప్రాంతం వాళ్లు కూడా ట్యాంకులను చూశారు. 1948 సెప్టెంబరులో ఉప్పునుంతల హైదరాబాదు సంస్థానంలో ఉండేది. ఆ నెల 13న భారత సైన్యం సంస్థానంలోకి ప్రవేశించినప్పుడు షోలాపూరు రోడ్డు మీదుగా షెర్మన్ ట్యాంకులు వచ్చాయి. అయిదు రోజుల్లో ఆ పని పూర్తి అయిపోయింది. అప్పుడు పిల్లలుగా ఉన్నవాళ్లు ఇప్పుడు తాతలూ, ముత్తాతలూ అయ్యారు.

యుద్ధాలు ముగిశాక ఈ ట్యాంకులన్నీ ఏమైపోయాయి? చాలావాటిని ముక్కలుగా కోసి, కరిగించి, ఇనుముగా వాడుకున్నారు. కొన్ని గుర్తుగా ఊళ్ల కూడళ్లలో నిలబడ్డాయి. కొన్ని మాత్రం మట్టిలో పూడిపోయి, ఏళ్లలో మునిగిపోయి, మనుషుల జ్ఞాపకంలోంచి కూడా జారిపోయాయి. అలాంటి ఒకదాని కథ ఇప్పుడు చెబుతాను.

రెండవ ప్రపంచ యుద్ధంలో జర్మనులు పాంథర్ అనే ట్యాంకును తయారుచేశారు. పాంథర్ అంటే చిరుతపులి. అది మొదటిసారి 1943 జులైలో రష్యాలో కుర్స్క్ దగ్గర యుద్ధానికి దిగింది. దాని బరువు సుమారు 45 టన్నులు. లోపల అయిదుగురు కూర్చుంటారు. 12 సిలిండర్ల పెట్రోలు ఇంజనుకు 700 అశ్వశక్తులు. మన ఊళ్లలో దుక్కి దున్నే 50 అశ్వశక్తుల ట్రాక్టర్లు 14 కలిస్తే ఎంతో, అంత అన్నమాట. అంత బలమున్నా దానికొక జబ్బు ఉండేది. ఇంజను బలాన్ని గొలుసుకు అందించే చివరి పళ్లచక్రాలు ఆ బరువుకు తట్టుకోలేక తరచు విరిగిపోయేవి.

అలాంటి పాంథర్ ఒకటి యుద్ధం చివరి రోజుల్లో పోలండు దేశంలో చార్నా నిదా అనే ఏటిలో మునిగిపోయింది. పేలుడు వల్ల దాని ఒళ్లంతా దెబ్బతిన్నది. యుద్ధం ముగిసింది, ఆ దేశపు సరిహద్దులు మారాయి, పిల్లలు పెద్దవాళ్లయ్యారు. ట్యాంకు మాత్రం నాలుగు దశాబ్దాలకు పైగా నీళ్లలోనే ఉండిపోయింది. 1990లో దానిని పైకి తీశారు.

ఆ తుప్పు ముద్దను చూసి "దీన్ని మళ్లీ నడిపించవచ్చు" అనుకున్నవాడు అమెరికాలో ఒకడున్నాడు. అతని పేరు జాక్ లిటిల్‌ఫీల్డ్. కాలిఫోర్నియా రాష్ట్రంలో ఉండేవాడు. తపాలా బిళ్లలు పోగుచేసేవాళ్లున్నారు, పాత నాణాలు పోగుచేసేవాళ్లున్నారు. ఇతను పాత యుద్ధవాహనాలు పోగుచేశాడు. చిన్నప్పుడు బొమ్మ ట్యాంకులు తయారుచేసిన సరదా పెద్దయినా పోలేదు. 1970లలో ఒక పాత సైనిక వాహనంతో మొదలుపెట్టి, చివరకు రెండువందలకు పైగా వాహనాలు కూడబెట్టాడు. అతనిది బాగా కలిగిన కుటుంబం గనక అంత ఖర్చు భరించగలిగాడు. తన స్థలంలోనే పనిశాల కట్టించి, నేర్పుగల మెకానిక్కులను పెట్టుకున్నాడు. అన్నిటిలోకీ కష్టమైన పని ఈ పాంథర్ అయింది.

చెడిపోయిన ట్యాంకును బాగుచెయ్యటం ఎలా మొదలుపెడతారు? సుత్తీ పానా పట్టుకుని మీద పడతారనుకుంటున్నారా? అలా కాదు. మొదట లోపల పేలని గుండ్లు ఏమైనా ఉన్నాయేమో చూస్తారు. అది కూడా ఆ విద్య నేర్చిన సైనిక నిపుణులే చూడాలి. ఎనభై ఏళ్లు మట్టిలో పడివున్న గుండు కూడా చేతిలో పేలవచ్చు. తుప్పు పట్టింది గదా, చచ్చిపోయింది గదా అనుకుని తాకినవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. మన దగ్గర కూడా గుట్టల్లో రాళ్లు పగలగొట్టేచోట చిన్న గొట్టం లాంటి డిటొనేటర్లు పడివుంటే ఉండవచ్చు. తెలియని ఇనుప వస్తువు కనిపిస్తే ముట్టుకోకుండా, తన్నకుండా, ఇంటికి తేకుండా, వెంటనే పెద్దవాళ్లకు చెప్పండి. ట్యాంకులు బాగుచేసేవాళ్లు నేర్చుకునే మొదటి పాఠం ఇదే.

రెండవ పని చూడటం, రాసుకోవటం. కడగక ముందే ప్రతి భాగాన్నీ ఫొటో తీస్తారు. ఏ బోల్టు ఎక్కడనుంచి వచ్చిందో చీటీ కట్టి పెడతారు. బురద కింద పాత రంగు చిన్న పెచ్చు మిగిలి ఉండవచ్చు. దాన్నిబట్టి ట్యాంకుకు అసలు ఏ రంగు వేశారో తెలుస్తుంది. తొందరపడి తోమేస్తే ఆ ఆనవాలు నీళ్లపాలవుతుంది, మళ్లీ రాదు.

ఇక అసలు శత్రువు తుప్పు. ఇనుముకు నీరూ, గాలిలోని ప్రాణవాయువూ రెండూ తగిలితేనే తుప్పు పడుతుంది. ఏటి అడుగున బురదలో ప్రాణవాయువు తక్కువ. అందుచేత బురదలో కూరుకుపోయిన భాగాలు మనం అనుకున్నంతగా పాడుకావు. వింత ఏమిటంటే, పైకి తీశాక గాలి తగిలి తుప్పు ఇంకా వేగంగా పడుతుంది. అంతకాలం నీటిలో నిలిచిన వస్తువు ఒడ్డున కొద్దికాలంలోనే పాడైపోవచ్చు! అందుకే తీసిన వెంటనే కడిగి, ఆరబెట్టి, నూనె పట్టిస్తారు.

తుప్పుకు మరొక దుర్గుణం ఉన్నది. ఇనుము తుప్పుగా మారితే ఉబ్బుతుంది, ముందుకన్న ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందువల్ల మరకూ బోల్టుకూ మధ్య తుప్పు బిగుసుకుపోయి, ఇద్దరు పహిల్వానులు పట్టినా ఊడిరాదు. అప్పుడేం చేస్తారు? మన ఊరి కమ్మరి చేసే పనే చేస్తారు.

ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా వెయ్యటం మీలో ఎంతమంది చూశారు? ఈమధ్య అది అరుదైపోయింది. పట్టాను చక్రం కన్న కాస్త చిన్నదిగా చేసి, పిడకలూ కట్టెలూ పేర్చి ఎర్రగా కాలుస్తారు. వేడికి ఇనుము సాగుతుంది. సాగిన పట్టాను పట్టకార్లతో ఎత్తి చక్రానికి తొడిగి, గబగబా నీళ్లు పోస్తారు. అది చల్లారి కుంచించుకుపోయి, చక్రాన్ని ఉడుంపట్టు పడుతుంది. లెక్క చూద్దాం. ఒక మీటరు పొడవున్న ఇనుము 100 డిగ్రీలు వేడెక్కితే సుమారు 1.2 మిల్లీమీటర్లు సాగుతుంది. మీటరున్నర అడ్డుకొలత గల చక్రం చుట్టుకొలత సుమారు 4.7 మీటర్లు. దాని పట్టాను 500 డిగ్రీలు వేడిచేస్తే 28 మిల్లీమీటర్లు, అనగా అంగుళం కన్న కొంచెం ఎక్కువ సాగుతుంది. కమ్మరి పుస్తకం చూడకుండానే ఈ లెక్క చేతిలో పెట్టుకుని ఉంటాడు.

ట్యాంకు పనివాళ్లు దీన్నే తిరగేసి వాడతారు. బిగుసుకున్న మరను మంటతో వేడిచేస్తే అది బోల్టు కన్న ముందుగా సాగి, తుప్పు పట్టు వదులుతుంది. అప్పుడు పలచని నూనె పోస్తే సందుల్లోకి ఇంకుతుంది. ఈరోజు వేడి, రేపు నూనె, ఎల్లుండి సుత్తితో చిన్న దెబ్బ — ఇలా ఒక్క బోల్టు కోసం వారం పట్టినా విసుక్కోరు. బలం చూపించి తిప్పితే బోల్టు విరిగిపోతుంది. అప్పుడు పని పదింతలవుతుంది.

ఊడదీసిన చిన్న భాగాల తుప్పు వదిలించటానికి చాకలిసోడా కలిపిన నీళ్లలో వాటిని ముంచి, తక్కువ ఓల్టుల బ్యాటరీ కరెంటు పంపిస్తారు. కరెంటు ప్రభావంతో తుప్పు వదులైపోయి, బ్రష్షుతో తుడిస్తే ఊడిపోతుంది. ఇది పెద్దవాళ్లు గాలి తగిలేచోట చెయ్యవలసిన పని. ఇంట్లో గోడకున్న ప్లగ్గుతో ఎప్పుడూ చెయ్యకూడదు, ప్రాణం పోతుంది.

ఇంతా చేశాక కూడా పనికిరాని భాగాలూ, అసలే లేని భాగాలూ ఎన్నో ఉంటాయి. జర్మనీలో పాంథర్లు సుమారు ఆరు వేలు తయారైనాయి గాని ఇప్పుడు అంగడికి పోయి వాటి భాగాలు కొందామంటే దొరుకుతాయా? లిటిల్‌ఫీల్డ్ మనుషులు దొరికినవి దేశదేశాల నుంచి తెప్పించుకున్నారు. దొరకనివి కొలతలు తీసి కొత్తగా తయారుచేశారు. పాంథర్‌కు ఒక్కొక్క పక్క ఎనిమిది ఇరుసుల మీద చక్రాలు ఒకదాని వెనక ఒకటి దూరి, చేపపొలుసుల్లా అల్లుకుని ఉంటాయి. లోపలి చక్రం ఒకటి మార్చాలంటే బయటివి కొన్ని తీయవలసిందే. యుద్ధంలో మంచులో నిలబడి ఆ పని చేసిన సైనికుల కష్టం, పనిశాలలో చేసేవాళ్లకు అప్పుడు తెలిసివస్తుంది. బాగుచెయ్యటంలో ఉన్న గొప్ప లాభం ఇదే. చరిత్ర పుస్తకం చదివితే ఏమి జరిగిందో తెలుస్తుంది. యంత్రం విప్పితే అది ఎంత కష్టంగా జరిగిందో చేతులకు తెలుస్తుంది.

ఏళ్ల తరబడి ఇలా పనిచేయగా, 2008లో ఆ పాంథర్ పూర్తి అయింది. ఏరు మింగిన ఇనుము మళ్లీ తన గొలుసుల మీద తాను కదిలింది. అప్పటికే లిటిల్‌ఫీల్డ్‌కు పెద్ద జబ్బు. 2009 జనవరిలో అతను మరణించాడు. అతని వయస్సు 59 సంవత్సరాలు. ఆ ట్యాంకు ఇప్పుడు అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో, 2019లో తెరిచిన అమెరికన్ హెరిటేజ్ మ్యూజియంలో ఉన్నది. ఒక మనిషి సరదాగా మొదలుపెట్టినది అందరూ చూసే వస్తువైపోయింది.

కథ ఇక్కడితో అయిపోయిందనుకోకండి. ఫ్రాన్సులో ఇంకొకరు ఇంకొక ట్యాంకును వెదికి పట్టుకుని, దానిని అసలు బాగుచెయ్యలేదు. ఎందుకో వినండి.

మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917 నవంబరు 20న, కాంబ్రే అనే పట్టణం దగ్గర బ్రిటిషువాళ్లు నాలుగువందలకు పైగా ట్యాంకులతో ఒకేసారి దాడి చేశారు. ఆ ట్యాంకులకు సైనికులు ముద్దుపేర్లు పెట్టుకున్నారు. ఒకదాని పేరు "డెబోరా". అందులో ఎనిమిది మంది. డెబోరా ఫ్లెస్కియేర్ అనే ఊరు దాటగానే ఫిరంగి గుండ్లు తగిలి పగిలిపోయింది. అయిదుగురు చనిపోయారు. తరువాత ఎవరో దానిని గోతిలోకి తోసి మట్టి కప్పేశారు.

ఫిలిప్ గోర్‌చిన్‌స్కీ అనే ఆయన కాంబ్రేలో హోటలు నడుపుకునేవాడు. ఆ యుద్ధపు చరిత్ర అంటే ఆయనకు పిచ్చి. ఒక ముసలమ్మ, "నా చిన్నప్పుడు ఇక్కడ ఒక ట్యాంకును గోతిలోకి తోస్తుంటే చూశాను" అని చెప్పింది. ఎవరైనా అయితే విని నవ్వి ఊరుకునేవాళ్లు. ఆయన ఆ మాట పట్టుకుని ఆరేళ్లు వెదికాడు. 1998 నవంబరులో పొలంలో మట్టి తవ్వితే నిజంగానే డెబోరా బయటపడింది.

దానికి ఒక పక్క ముందుభాగం చీలిపోయి ఉన్నది. గుండ్లు దూరిన కన్నాలు అలాగే ఉన్నాయి. ఇనుప రేకులు అతికి, రంగు వేసి, కొత్త ట్యాంకులా చెయ్యటం కష్టం గాని అసాధ్యం కాదు. ఐతే ఆయన, ఆయన మిత్రులు అలా చెయ్యలేదు. ఆ కన్నాల వెనకే అయిదుగురు యువకులు చనిపోయారు. కన్నాలు మూసేస్తే వాళ్ల మాట కూడా మూసేసినట్టే. అందుకని తుప్పు ముదరకుండా మాత్రం కాపాడి, దెబ్బతిన్నది దెబ్బతిన్నట్టే ఉంచారు. 2017 నవంబరులో, సరిగ్గా నూరేళ్లకు, ఫ్లెస్కియేర్‌లో దానికోసం ఒక మ్యూజియం కట్టి అందులో నిలబెట్టారు. పక్కనే ఆ సైనికులను పాతిపెట్టిన శ్మశానం ఉన్నది.

మన దేశంలో కూడా ఇలాంటి ట్యాంకు ఒకటి ఉన్నది. దాని పేరు "ఫామాగుస్తా". అది సెంచూరియన్ రకం ట్యాంకు, పూనా హార్స్ అనే రెజిమెంటుది. 1971 డిసెంబరు 16న, పాకిస్తానుతో జరిగిన యుద్ధంలో, బసంతర్ నది దగ్గర ఈ ట్యాంకును నడిపించినవాడు సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్. అతని వయస్సు 21 సంవత్సరాలు. రెజిమెంటులో చేరి ఆరు నెలలయింది. శత్రువుల గుండు తగిలి ట్యాంకు అంటుకున్నది. దిగి వచ్చెయ్యమని పైఅధికారి రేడియోలో చెప్పాడు. తన ఫిరంగి ఇంకా పనిచేస్తున్నదని చెప్పి అరుణ్ అక్కడే నిలిచాడు. అతను ఆగిపోతే శత్రు ట్యాంకులు దూసుకువచ్చేవి. మరొక గుండు తగిలింది, అరుణ్ మరణించాడు. అతనికి పరమవీరచక్రం ఇచ్చారు.

ఈ పూనా హార్స్‌కే మన హైదరాబాదుతో ఒక సంబంధం ఉన్నది. 1965 యుద్ధంలో ఈ రెజిమెంటుకు నాయకుడైన లెఫ్టినెంట్ కర్నల్ ఆర్దేషిర్ తారాపూర్ మొదట హైదరాబాదు సంస్థానపు సైన్యంలో పనిచేసినవాడు. ఫిల్లోరా దగ్గర గాయపడినా వెనక్కు పోనని నిలిచి, 1965 సెప్టెంబరు 16న ప్రాణం విడిచాడు. ఆయనకూ పరమవీరచక్రం వచ్చింది. ఒకే రెజిమెంటులో ఇద్దరు, ఆరేళ్ల తేడాతో.

యుద్ధం తరువాత ఫామాగుస్తాను బాగుచేసి, మహారాష్ట్రలో అహ్మద్‌నగర్‌లో ట్యాంకు దళాల శిక్షణ కేంద్రంలో ఉంచారు. 2024లో ఆ ఊరి పేరు అహిల్యానగర్‌గా మార్చారు. ఆ ఊళ్లోనే 1994లో నెలకొల్పిన ట్యాంకుల మ్యూజియం కూడా ఉన్నది. అందులో అనేక దేశాల ట్యాంకులు బారులు తీరి ఉన్నాయి. షిరిడీ యాత్రకు పోయే తల్లిదండ్రులు ఒక పూట వీలు చేసుకుంటే పిల్లలకు ఈ మ్యూజియం చూపించవచ్చు.

ఇప్పుడు మూడు ట్యాంకులూ పక్కపక్కన పెట్టి ఆలోచించండి. పాంథర్‌ను నడిచేలా చేశారు. డెబోరాను గాయాలతో ఉంచారు. ఫామాగుస్తాను బాగుచేసి గౌరవంగా నిలబెట్టారు. ఎవరు చేసినది సరి?

వస్తువును చూసి, "ఇది మనకు ఏమి చెప్పాలి?" అని ముందుగా అడగాలి. యంత్రం ఎలా పనిచేసిందో తెలియాలంటే నడిపించాలి. అందులో మనుషులు ఎలా చనిపోయారో తెలియాలంటే గాయం కనిపించాలి. ఏది చేసినా ఒక నియమం మాత్రం తప్పకూడదు. కొత్తగా అతికినది కొత్తదని రాసి ఉంచాలి. పాత ముక్క ఏదో, మనం చేసిన ముక్క ఏదో మన తరువాత వచ్చేవాళ్లకు తెలియాలి. అలా రాయకపోతే మనం బాగుచేసినది కూడా ఒక అబద్ధమే అవుతుంది. ట్యాంకు పేరులో ఉన్న అబద్ధం ఒకటి చాలు గదా!

ఇంకొక మాట. ట్యాంకు మనుషులను చంపటానికి చేసిన యంత్రం. దానిని బాగుచేసేవాళ్లు యుద్ధాన్ని మెచ్చుకోవటం లేదు. లోపలికి దిగి చూస్తే, అయిదుగురు మనుషులు మోకాళ్లు ముడుచుకుని కూర్చునే ఇరుకు, పెట్రోలు వాసన, అంటుకుంటే బయటపడటానికి చిన్న మూత — ఇవన్నీ కనిపిస్తాయి. అది చూసినవాడికి యుద్ధం ఆటగా అనిపించదు.

మరి మీరేం చెయ్యగలరు? మీకు ట్యాంకు ఎక్కడినుంచి వస్తుంది? జపానులో తమియా అనే బొమ్మల కంపెనీ 1960ల తొలినాళ్లలో ఒక పాంథర్ బొమ్మ చేసింది. దాని కడుపులో మోటారూ, రెండు బ్యాటరీలూ పట్టాలి గనక, అవి పట్టేటంత సైజులో, అసలు ట్యాంకులో 35వ వంతుగా చేశారు. ఆ తరువాత బొమ్మ ట్యాంకులకు ఆ కొలతే అలవాటైపోయింది. అలాంటి బొమ్మ అతికించటం కూడా మంచి విద్యే. కొనలేకపోతే ఇంట్లో వెదకండి. తాతగారి లాంతరు, అమ్మమ్మ కుట్టుమిషను, అటక మీద పడేసిన పాత తాళం, తుప్పు పట్టిన సైకిలు బెల్లు — ఏదైనా ఒకటి తీసుకోండి. ముందుగా పెద్దలను అడగండి. ఒక నోటుపుస్తకం పెట్టి, ముట్టుకోకముందే బొమ్మ గీయండి. ఏ మర ఎక్కడిదో రాసి, వరసగా గుడ్డ మీద పేర్చండి. తరువాత నూనె, గుడ్డ, ఓపిక.

ఈలోగా తుప్పు సంగతి మీరే పరీక్షించి చూడవచ్చు. మూడు గాజుసీసాలూ, నాలుగు కొత్త ఇనుప మేకులూ తీసుకోండి. మొదటి సీసాలో వేయించి చల్లార్చిన బియ్యం పోసి, అందులో మేకు ఉంచి మూత గట్టిగా బిగించండి. రెండవ సీసాలో పెద్దవాళ్ల చేత బాగా మరగబెట్టించిన నీళ్లు చల్లార్చి, సీసా నిండుగా పోసి, మేకు వేసి, పైన మంచినూనె పొర పోసి మూత పెట్టండి. మూడవ సీసాలో మామూలు నీళ్లు మేకు సగం మునిగేటట్టు పోసి, మూత తెరిచి ఉంచండి. వారం రోజులు రోజూ చూసి రాసుకోండి. మూడవ మేకు ఎర్రబారుతుంది. మిగిలిన రెండూ చాలావరకు మెరుస్తూనే ఉంటాయి. మొదటిదానికి నీరు అందలేదు, రెండవదానికి గాలి అందలేదు. తరువాత ఆ ఎర్రబారిన మేకును చిక్కటి చింతపండు పులుసులో ఒక రాత్రి నానబెట్టి తోమండి. తుప్పు ఎంత వదిలిందో తెలియటానికి, ఇంతవరకూ తడపకుండా దాచిన నాలుగవ మేకు పక్కన పెట్టి పోల్చండి. అమ్మ ఇత్తడి బిందెను చింతపండుతో ఎందుకు తోముతుందో కూడా అప్పుడు అర్థమవుతుంది.

ఉప్పునుంతల పక్కన దుందుభి వాగు పారుతుంది. వానాకాలం వరద తగ్గాక ఇసుకలో విరిగిన బండి ఇరుసో, పాత నాగలి కర్రో తేలవచ్చు. అది ట్యాంకు కాకపోవచ్చు. అయినా దానిని చేసిన చేతులు కొన్ని ఉన్నాయి, వాడిన చేతులు కొన్ని ఉన్నాయి. చెత్త అని విసిరెయ్యకముందు ఇంట్లో పెద్దవాళ్లకు చూపించి, "ఇది ఎవరిది? దేనికి వాడేవారు?" అని అడగండి. కాంబ్రేలో ఆ ముసలమ్మ చెప్పిన మాటను ఒకరు విన్నారు గనకనే డెబోరా దొరికింది. మీ ఊళ్లో ముసలమ్మలు కూడా ఎన్నో సంగతులు చెబుతారు. వినటానికి మీరు సిద్ధంగా ఉండాలి.